పాప రెండో లెవెల్లోనే ఉండిపోయింది, పై లెవెల్‌కి ఎప్పుడు పంపాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: పాపకి ఎనిమిదేళ్లు. చెస్ క్లాసులో చేరి ఏడాదిన్నర అయినా ఇంకా రెండో లెవెల్లోనే ఉంది. పాప కన్నా ఆరు నెలలు ఆలస్యంగా చేరిన స్నేహితుడు మూడో లెవెల్‌కి వెళ్లిపోయాడు. ఆన్‌లైన్ ఆటల్లో పాప రేటింగ్ 1100, పజిల్స్‌లో 1500 దాటింది. కోచ్‌ని అడిగితే "ఇంకాస్త ఆగుదాం" అంటున్నారు. అలా ఆపడం సరైనదేనా, అసలు లెవెల్ దేన్ని చూసి ఇస్తారు?

సూటిగా చెప్తాను. పాపకి ఏం తెలుసు అన్నదాన్ని బట్టి లెవెల్ ఇవ్వరు. ఎవరూ గుర్తు చేయకపోయినా తన ఆటలో ఏం చేస్తోందో చూసి ఇస్తారు. చేరి ఎన్ని నెలలైంది, ఆన్‌లైన్ అంకె ఎంత, పజిల్ అంకె ఎంత అన్నవి కాసేపు పక్కన పెట్టండి. పాప ఈమధ్య ఆడిన పది ఆటల స్కోర్‌షీట్లు (ఎత్తులన్నీ వరుసగా రాసుకున్న కాగితాలు) తీసి, ఒక్కో ఆటలో ఎన్ని పావులు ఊరికే పోయాయో లెక్కపెట్టండి. సగటున ఆటకి ఒకటి, అంతకన్నా తక్కువ అయితే మూడో లెవెల్ గురించి కోచ్‌తో గట్టిగానే మాట్లాడవచ్చు. రెండు, మూడు పోతుంటే కోచ్ చెప్పిందే రైటు. పది స్కోర్‌షీట్లు అసలు లేకపోతే, ఉన్నా చదవడానికి వీల్లేకపోతే, రెండో లెవెల్ ఇంకా పూర్తి కానట్టే.

లెక్క ఎలా వేయాలో చెప్పకపోతే అందరూ ఒకే తప్పు చేస్తారు, అందుకని ముందు అది. ఇంట్లో ఏనుగు అన్నా, క్లాసులో రూక్ అన్నా ఒకటే. గుర్రం, బిషప్ విలువ 3, ఏనుగు 5, మంత్రి 9, బంటు 1. విలువ 3 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్న పావుని, ప్రత్యర్థి మరుసటి ఎత్తులో ఏమీ ఇవ్వకుండా, లేదా ఒక్క బంటు ఇచ్చి తీసుకోగలిగేలా వదిలేస్తే అది ఒక తప్పు. ప్రత్యర్థి దాన్ని నిజంగా కొట్టాడా లేదా అన్నది చూడకండి. ఈ స్థాయిలో అవతలి పిల్లాడు కూడా చూడడు. అందుకే గెలిచిన ఆటల్లో కూడా నాలుగైదు తప్పులు దాక్కుని ఉంటాయి. గెలిచిన ఆట కాబట్టి ఎవరూ మళ్లీ తెరిచి చూడరు. పక్కనే ఇంకో గడి గీసి, ప్రత్యర్థి ఊరికే వదిలేసిన పావుని పాప ఎన్నిసార్లు చూడలేదో అది కూడా రాయండి. చాలామంది పిల్లల్లో మొదటి అంకె తగ్గిన రెండు మూడు నెలలకి గానీ రెండోది తగ్గదు. తన పావుల మీద కన్నేసి ఉంచడం ముందు అలవాటవుతుంది, అవతలివాడి పావులు చూడడం తరవాత.

ఈ లెక్కకి కంప్యూటర్ ఇంజన్ (ఆటని విశ్లేషించే ప్రోగ్రామ్) వాడకండి. ఆరు ఎత్తుల్లో ఉన్న చెక్‌మేట్ చూడకపోతే కూడా ఇంజన్ ఎర్ర గుర్తు పెడుతుంది. ఎనిమిదేళ్ల పాపకి అది తప్పు కాదు, ఆ గుర్తులన్నీ కలిపితే మీకు ఏమీ తెలియదు. బోర్డు మీద పావులు పేర్చి, స్కోర్‌షీట్ చూస్తూ చేత్తో ఆడించండి. ఒక ఆటకి పది నిమిషాలు పడుతుంది. ఆన్‌లైన్ ఆటలు తీసుకుంటే ఒక్కొక్కరికి 15 నిమిషాలు, అంతకన్నా ఎక్కువ టైమ్ ఉన్నవే తీసుకోండి.

ఇక లెవెళ్లు. పేర్లు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. కొందరు బంటు నుంచి రాజు దాకా పావుల పేర్లు పెడతారు, కొందరు రంగు బెల్టులు ఇస్తారు, కొందరు అంకెలు వేస్తారు. నెదర్లాండ్స్‌లో పుట్టిన స్టెప్స్ మెథడ్‌లో ఆరు మెట్లున్నాయి. ఏ పేరు పెట్టినా లోపలి సరుకు దాదాపు ఒకే వరుసలో వస్తుంది.

మొదటి లెవెల్ అంటే రూల్స్. పావుల నడక, చెక్ (రాజు మీద దాడి), చెక్‌మేట్ (ఆ దాడి తప్పించుకోలేకపోవడం), స్టేల్‌మేట్ (చెక్ లేదు, వేయడానికి ఎత్తూ లేదు, ఆట డ్రా), బంటు చివరి వరుస చేరితే మార్చుకోవడం, కాస్లింగ్ (రాజు, ఏనుగు ఒకే ఎత్తులో కదలడం), ఎన్‌పాసాన్ (రెండు గడులు దూకి పక్కన ఆగిన బంటుని, ఒక్క గడే కదిలినట్టు మన బంటుతో కొట్టడం). "రూల్స్ వచ్చేశాయి" అని పిల్లలు రెండో వారమే అంటారు. నిజంగా వచ్చాయో లేదో మూడు చోట్ల తేలుతుంది. ఒకటి, చెక్‌కి, చెక్‌మేట్‌కి తేడా: చెక్ వస్తే తప్పించుకునే దారులు మూడు, రాజు జరగడం, మధ్యలో అడ్డం పెట్టడం, చెక్ ఇచ్చిన పావుని కొట్టడం. మూడూ చూశాకే మేట్ అనాలి, సగం మంది మొదటిది చూసి ఆగిపోతారు. రెండు, కాస్లింగ్ షరతులు: రాజు చెక్‌లో ఉండకూడదు, దాటే గడి మీద, చేరే గడి మీద దాడి ఉండకూడదు. మంత్రి వైపు కాస్లింగ్‌లో బి1 (నిలువు వరుసలకి ఎ నుంచి హెచ్, అడ్డ వరుసలకి 1 నుంచి 8 అని పేర్లు) మీద దాడి ఉన్నా ఫర్వాలేదు, ఎందుకంటే ఆ గడి దాటేది ఏనుగే, రాజు కాదు. మూడు, ఎన్‌పాసాన్ ఆ మరుసటి ఎత్తులోనే చేయాలి, తరవాత కుదరదు. ఈ మూడూ తడబడకుండా చెప్పి, ఆటలో రూల్‌కి విరుద్ధమైన ఎత్తు వేయకుండా నాలుగు ఆటలు పూర్తి చేస్తే మొదటి లెవెల్ అయిపోయినట్టే. దీన్ని సాగదీయడం అనవసరం.

రెండో లెవెల్ దగ్గరే పిల్లలు ఎక్కువ కాలం ఉండిపోతారు, ఉండిపోవాలి కూడా. మీ పాప విషయం ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

ఈ లెవెల్లో కొత్తగా నేర్చుకునేది పైకి తక్కువే కనిపిస్తుంది: నొటేషన్ (ఎత్తులని గడుల పేర్లతో) రాయడం, పావుల విలువ, ఒక గడి మీద ఎందరు దాడి చేస్తున్నారు, ఎందరు కాపాడుతున్నారు అనే లెక్క, ఒక ఎత్తు చెక్‌మేట్లు, రెండు ఏనుగులతో మెట్లమెట్లుగా రాజుని అంచుకి తోసి మేట్ చేయడం, మంత్రి-రాజు కలిసి ఒంటరి రాజుని మేట్ చేయడం. ఓపెనింగ్‌లో మూడే మాటలు: మధ్య గడులు, పావులు బయటికి, రాజు భద్రం. సమాచారంగా చూస్తే పది క్లాసుల్లో చెప్పేయవచ్చు. అలవాటు కావడానికి నెలలు పడుతుంది. ఒక్క ఎత్తు వేసే ముందు 32 పావులున్న బోర్డు మొత్తం చూడటం పిల్లలకి సహజంగా రాదు. తను ఆడాలనుకున్న మూల మాత్రమే వాళ్లకి కనిపిస్తుంది. అవతలి మూల నుంచి బిషప్ పొడుగ్గా వచ్చి ఏనుగుని కొట్టేసినప్పుడు "అది ఎక్కణ్నుంచి వచ్చింది?" అంటారు. దూరం నుంచి వచ్చే బిషప్‌లు, వెనక్కి నడిచే మంత్రి, ఈ రెండింటినీ చివరిదాకా చూడలేరు. పాప పది ఆటల లెక్కలో ఏ పావు చేతిలో ఎక్కువ పోయిందో కూడా రాసుకుంటే ఇది కళ్లకి కడుతుంది.

ఒక పరీక్ష దగ్గరగా చూద్దాం. నల్ల రాజు హెచ్8లో ఒంటరిగా ఉన్నాడు, తెల్ల మంత్రి ఇ7లో, తెల్ల రాజు దూరంగా సి3లో. తెల్ల వంతు. పాప చేతిలో మంత్రి ఉంటే చెయ్యి దురద పెడుతుంది. ఇంకా దగ్గరికి తీసుకెళ్లి ఎఫ్7లో పెడుతుంది. అంతే, ఆట డ్రా. నల్ల రాజుకి జి8, జి7, హెచ్7 మూడూ మూసుకుపోయాయి, కానీ చెక్ లేదు. స్టేల్‌మేట్. సరైన పని ఏమిటంటే మంత్రిని ముట్టుకోకూడదు. ఇ7 నుంచి అది ఏడో వరుస మొత్తం కాస్తోంది, ఎఫ్8 కూడా. నల్ల రాజుకి హెచ్8, జి8 రెండే గడులు, వాటి మధ్య ఊగుతుంటాడు. ఈలోగా తెల్ల రాజు డి4, ఇ5, ఎఫ్6 అని మూడు అడుగుల్లో వచ్చేస్తాడు. నాలుగో ఎత్తు మంత్రి జి7, మేట్. నల్ల రాజు ఆ రెండు గడుల్లో ఎక్కడున్నా అదే మేట్. పాప చేత ఈ స్థానం మూడుసార్లు ఆడించండి, ఒక్కోసారి రాజులని వేరే మూలకి మార్చండి. మూడుసార్లూ స్టేల్‌మేట్ లేకుండా ముగిస్తే ఈ అంశం దాటినట్టు. రెండు సరిగ్గా వచ్చి ఒకటి డ్రా అయితే దాటనట్టే, ఎందుకంటే టోర్నమెంట్‌లో ఆ ఒక్కటే వస్తుంది. ఎలాంటి స్థానం నుంచైనా మంత్రితో సరిగ్గా ఆడితే పదో ఎత్తుకల్లా మేట్ అవుతుంది. పిల్లలకి 20 ఎత్తులు పట్టినా నష్టం లేదు.

ఇంకో పరీక్ష ఓపెనింగ్‌లో. తెలుపు ఇ4, నలుపు ఇ5, తెలుపు మంత్రి హెచ్5. అవతలివాడు నాలుగు ఎత్తుల మేట్‌కి వస్తున్నాడని చాలామంది పిల్లలకి తెలుసు. తెలిసినందుకే తొందరపడి జి6 వేసి మంత్రిని తరుముతారు. మంత్రి ఇ5 బంటుని కొట్టి చెక్ ఇస్తుంది, అదే సమయంలో హెచ్8లో ఉన్న ఏనుగు మీద కూడా గురి పెడుతుంది. ఏనుగు పోయింది. మొదట గుర్రం సి6 వేసి ఇ5 బంటుని కాపాడాలి. తెలుపు బిషప్ సి4 వేశాక అప్పుడు జి6. మంత్రి ఎఫ్3కి వెళ్తే గుర్రం ఎఫ్6. ఇక్కడ నేను చూసేది పాప ఈ వరుస బట్టీ పట్టిందా అని కాదు. మంత్రి హెచ్5 వచ్చినప్పుడు "ఇప్పుడు అది దేన్ని కొట్టగలదు?" అని అడిగితే ఇ5, ఎఫ్7, హెచ్7 మూడూ వేలుపెట్టి చూపించి, వాటిలో కాపలా లేనిది ఇ5 ఒక్కటే అని చెప్పగలదా? చెప్పగలిగితే రెండో లెవెల్ పని అయింది.

మూడో లెవెల్‌కి పంపే ముందు పెట్టే పరీక్షలో కలగాపులగంగా స్థానాలుండాలి. ఇది కోచ్‌లు కూడా తరచూ చేసే పొరపాటు. "ఈ పేజీలో అన్నీ ఫోర్క్‌లు" (ఫోర్క్ అంటే ఒకే పావు రెండింటి మీద ఒకేసారి దాడి చేయడం) అని ఇస్తే పిల్లలు పన్నెండుకి పన్నెండు చేసేస్తారు. ఫోర్క్ ఉందని పేజీ పైనే రాసి ఉంది కదా. నిజమైన ఆటలో పైన ఎవరూ రాయరు. నా సలహా ఇలా: పన్నెండు స్థానాలు, 20 నిమిషాలు. అయిదింట్లో ఏదో ఒకటి గెలిచేది ఉండాలి, ఫోర్క్, ఒక ఎత్తు మేట్, ఊరికే ఉన్న పావు. మూడింట్లో ప్రత్యర్థి ఏదో బెదిరిస్తున్నాడు, దాన్ని ఆపాలి. మూడింట్లో ఏమీ లేదు, "మామూలు మంచి ఎత్తు వేస్తాను" అనాలి. మిగిలిన ఒకటి ఎర: కొట్టగలిగే పావు ఉంటుంది, కొడితే మేట్ అయిపోతారు. తొమ్మిది సరైతే పాస్. ఆ "ఏమీ లేదు" అన్న మూడింటిలోనే ఎక్కువమంది తప్పుతారు, లేని ఫోర్క్ కోసం గుర్రాన్ని బలి ఇస్తారు. మూడు నాలుగు వారాల తరవాత వేరే స్థానాలతో మళ్లీ ఒకసారి పెట్టాలి. మొన్న నేర్పింది నిన్న రాయడం పరీక్ష కాదు.

పాప పజిల్ రేటింగ్ 1500 ఎందుకు లెక్కలోకి రాదో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. పజిల్ తెరుచుకోగానే "ఇక్కడ ఏదో ఉంది" అని చెప్పేసినట్టే, వెతకాలా వద్దా అన్న నిర్ణయం పాప చేయక్కర్లేదు. పైగా సగం మంది పిల్లలు మొదట చెక్ ఇచ్చి చూస్తారు, తప్పైతే ఇంకోటి. ఇక ఆన్‌లైన్ 1100 విషయం. ఒక్కో సైట్ రేటింగ్ ఆ సైట్‌లో ఆడేవాళ్ల మధ్య పోలిక మాత్రమే. లిచెస్ అనే సైట్‌లో కొత్త ఖాతా 1500 దగ్గర మొదలవుతుంది, ఆటలు ఆడేకొద్దీ సర్దుకుంటుంది. వేరేచోట మొదలు వేరు. మూడు నిమిషాల ఆటల్లో వచ్చిన అంకె, 15 నిమిషాల ఆటల్లో వచ్చిన అంకె ఒకటి కావు. కంప్యూటర్ ప్రత్యర్థులతో ఆడుతూ ఎత్తు వెనక్కి తీసుకునే అలవాటు ఉంటే అసలు పట్టించుకోకండి. ఎత్తు వెనక్కి తీసుకోవడం ఈ వయసులో అన్నిటికన్నా చెడ్డ అలవాటు అని నా అభిప్రాయం. బోర్డు మీద పావు ముట్టుకుంటే అదే కదపాలి అన్న రూల్ వల్లే పిల్లలు ముందు చూసి తరవాత చెయ్యి చాపడం నేర్చుకుంటారు.

మూడో లెవెల్లో ఫోర్క్, పిన్ (వెనక విలువైన పావు ఉండడంతో ముందుది కదల్లేకపోవడం), స్క్యూయర్ (ముందున్న విలువైనది తప్పుకుంటే వెనకది పోవడం), ఒక పావు జరగ్గానే వెనక పావు దాడి తెరుచుకోవడం, రెండు ఎత్తుల మేట్లు, ఏనుగుతో మేట్, బంటు ఎండింగ్‌లు (రాజులు, బంట్లు మాత్రమే మిగిలిన చివరి దశ). ఏనుగు మేట్ సరిగ్గా ఆడితే ఎక్కడి నుంచైనా 16 ఎత్తుల లోపే, కానీ మంత్రి మేట్ కన్నా ఓపిక చాలా కావాలి. రాజులు ఎదురెదురుగా నిలబడేదాకా ఆగి అప్పుడు చెక్ ఇవ్వాలి, మధ్యలో ఒక ఎత్తు ఊరికే వేసి ఆగాల్సి వస్తుంది. అలా ఆగడం పిల్లలకి కష్టం. బంటు ఎండింగ్‌లో ఒక స్థానం చాలు: తెల్ల బంటు ఇ6, వెనక రాజు ఇ5, నల్ల రాజు ఇ7, నలుపు వంతు. ఇ8కి తిన్నగా వెనక్కి వస్తే డ్రా. డి8కో ఎఫ్8కో పక్కకి జరిగితే ఓటమి. ఎందుకో బోర్డు మీద ఆడి చూపించగలిగితే పిల్లాడికి ఆపోజిషన్ (రాజులు ఎదురెదురుగా ఉన్నప్పుడు ఎవరు ముందు జరగాలన్న లెక్క) అర్థమైనట్టు. అలా కాక తెల్ల రాజు తన బంటు ముందు ఆరో వరుసలో, బంటు అయిదో వరుసలో ఉంటే ఎవరి వంతైనా తెలుపుదే గెలుపు, రెండు అంచు బంట్లు తప్ప.

నాలుగు, అయిదు లెవెళ్ల గురించి ఇప్పుడు ఎక్కువ చెప్పను. మూడేసి ఎత్తులు మనసులోనే లెక్కవేయడం, ఏనుగు ఎండింగ్‌లు, బంట్ల అమరిక చూసి ప్లాన్ వేయడం, తన ఆటని తానే రాతపూర్వకంగా విశ్లేషించడం వస్తాయి. రేటింగ్ టోర్నమెంట్లు అక్కడే అర్థవంతం అవుతాయి.

రేటింగ్ మాట వచ్చింది కాబట్టి ఒక్కమాట. ఏ క్లాసు ఇచ్చే లెవెల్ సర్టిఫికెట్‌కీ ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) రేటింగ్‌కీ మారకం లేదు. ఫిడే 2024 మార్చి నుంచి కనీస రేటింగ్‌ని 1400కి పెంచింది, అంతకుముందు 1000 ఉండేది. కాబట్టి చిన్న పిల్లలకి రేటింగ్ రాకపోవడం ఓటమి కాదు. వచ్చిన తరవాత కూడా అది బాగా ఊగుతుంది. 18 ఏళ్ల లోపు, 2300 కన్నా తక్కువ రేటింగ్ ఉన్నవాళ్లకి కె-ఫ్యాక్టర్ (ఫలితాన్ని బట్టి రేటింగ్ ఎంత కదలాలో చెప్పే అంకె) 40. తన సమానులతో అయిదు ఆటలు ఆడి 4 పాయింట్లు తెస్తే 60 పెరుగుతుంది, 1 పాయింటే తెస్తే 60 పడిపోతుంది. ఒక జ్వరం, ఒక సరిగా లేని నిద్ర చాలు. ఒక్క టోర్నమెంట్ ఫలితం చూసి లెవెల్ మార్చకూడదు, పైకైనా కిందకైనా. కనీసం పాతిక ఆటలు చూడాలి.

ఎలో లెక్క (రేటింగ్ తేడాని బట్టి ఫలితం అంచనా వేసే పద్ధతి) లోంచి లెవెల్ మార్పుకి పనికొచ్చే సంగతి ఒకటుంది. ఇద్దరి మధ్య 200 పాయింట్ల తేడా ఉంటే బలమైనవాళ్లకి సగటున నాలుగింట మూడు పాయింట్లు వస్తాయి. అంటే మీ పాప తన గ్రూపులోని రకరకాల పిల్లలతో 12 ఆటలు ఆడి 9 పాయింట్లు తెస్తోందంటే, ఆ గ్రూపుకి దాదాపు 200 పైన ఉన్నట్టు. అప్పుడు అక్కడ ఉంచడం అన్యాయం. పై గ్రూపుకి వెళ్లాక నాలుగింట ఒకటి గెలిస్తే అది వైఫల్యం కాదు, లెక్క ప్రకారమే. ఇది ముందే ఇంట్లో అందరికీ చెప్పి పెట్టుకోండి. "పై లెవెల్‌కి వెళ్లి అన్నీ ఓడిపోతోంది" అని మొదటి నెలలోనే బెంబేలు పడే అమ్మానాన్నల వల్ల పిల్లలు ఆట మానేయడం చాలా మామూలు.

తొందరగా పంపితే ఏమవుతుంది? ఓటముల కన్నా ముందు కనిపించే గుర్తులు వేరే ఉంటాయి. క్లాసులో ప్రశ్న అడిగితే పక్కవాళ్ల ముఖం చూస్తుంది. జవాబు సరిగ్గా చెప్తుంది, "తరవాత అవతలివాళ్లు ఏం వేస్తారు?" అంటే మౌనం. స్కోర్‌షీట్ పదిహేనో ఎత్తు దగ్గర ఆగిపోతుంది, లేదా ఇంటికి రాదు. పిన్, స్క్యూయర్ పేర్లు గడగడా చెప్తుంది, ఆటలో గుర్రం ఊరికే పోతూనే ఉంటుంది. ఇంటికి పునాది వేయకుండా సున్నం కొట్టినట్టు.

ఆలస్యం చేస్తే కూడా నష్టమే, అది చెప్పుకోరు. 30 నిమిషాల ఆటని అయిదు నిమిషాల్లో ముగించేస్తుంది, ఎందుకంటే ఆలోచించకుండానే గెలుస్తోంది. నాలుగు ఎత్తుల మేట్ లాంటి ఎరల మీద బతుకుతుంది. అందుకే స్కోర్‌షీట్ మీద పది ఎత్తులకొకసారి గడియారంలో ఎంత మిగిలిందో రాయించండి. టైమ్ అంతా మిగిలి, తప్పులూ తక్కువుంటే పాప ఆ గ్రూపుని దాటిపోయింది. టైమ్ మిగిలి తప్పులు ఎక్కువుంటే లెవెల్ మార్చడం మందు కాదు, చేతుల మీద కూర్చోబెట్టడం మందు. నిజంగానే, అరచేతులు తొడల కింద పెట్టుకుని ఆలోచించమనడం చిన్న పిల్లలకి బాగా పనిచేస్తుంది.

ఒక చిక్కు తరచూ వస్తుంది: ట్యాక్టిక్స్‌లో (ఫోర్క్, పిన్ లాంటి ఎత్తుగడల్లో) మూడో లెవెల్, ఎండింగ్‌లలో రెండో లెవెల్. అలాంటప్పుడు పిల్లని మొత్తంగా ఆపక్కర్లేదు. పంపేసి, మిగిలిన అంశాన్ని ఆరు వారాల్లో పూర్తి చేయమని విడిగా పని ఇస్తే చాలు. రెండింటిలో మాత్రం సర్దుబాటు వద్దు: పావులు ఊరికే వదలడం, నొటేషన్ రాయలేకపోవడం. మొదటిది ఉంటే పై లెవెల్ పాఠాలు ఆటలోకి రావు. రెండోది ఉంటే తప్పు ఎక్కడ జరిగిందో కోచ్ కూడా చెప్పలేరు.

కోచ్‌ని అడగాల్సింది "ఎప్పుడు పంపుతారు?" అని కాదు. "ఏ అంశం తక్కువైంది, అది ఏ ఆటలో కనిపించింది, మళ్లీ ఎప్పుడు చూస్తారు?" అని అడగండి. మంచి కోచ్ అయితే స్కోర్‌షీట్ తీసి పదిహేడో ఎత్తు చూపిస్తారు. "ఇంకా మెచ్యూరిటీ రావాలి" అని మాత్రమే అంటే మీ పది ఆటల లెక్క కాగితం వాళ్ల ముందు పెట్టండి. గొడవ పడాల్సిన పని లేదు, అంకెలుంటే మాట నడుస్తుంది. నాలుగు వారాలు పై గ్రూపులో అతిథిగా కూర్చోబెట్టమని కూడా అడగవచ్చు, పాత గ్రూపు ఆటలు వదలకుండా. "అతిథి" అని మొదటే పాపకి చెప్పాలి. అప్పుడు తిరిగి రావాల్సి వచ్చినా దించేసినట్టు ఉండదు. సర్టిఫికెట్, చప్పట్లు నాలుగు వారాలయ్యాకే.

స్నేహితుడి సంగతి: అతని వయసు మీరు చెప్పలేదు. పన్నెండేళ్ల పిల్లాడు మొదటి రెండు లెవెళ్లని ఎనిమిదేళ్ల పిల్ల కన్నా సగం కాలంలో దాటడం మామూలే, బోర్డు మొత్తం ఒకేసారి చూసే ఓపిక ఆ వయసుకి వచ్చేస్తుంది. అదే అయిదారేళ్ల పిల్లలకి ఒక పాఠం ఇరవై నిమిషాలు దాటితే లోపలికి వెళ్లదు. ఇద్దరినీ నెలలతో పోల్చడం కుదరదు. వేరే క్లాసులో మూడో లెవెల్ అయితే అసలే పోల్చకండి, అక్కడ మూడు ఇక్కడ రెండు కావచ్చు. లెవెల్ అంకె కాకుండా ఏ అంశాలు అయ్యాయో జాబితా అడిగితే తేలుతుంది.

ఇంట్లో చేయించేది కొంచెమే, కానీ రోజూ. పదిహేను నిమిషాలు చాలు: తేలికైన స్థానాలు ఆరు, తప్పుల్లేకుండా. కష్టమైనవి రెండు ఇచ్చి గింజుకోనివ్వడం కన్నా తేలికైనవి వేగంగా, సరిగ్గా చేయడం ఈ లెవెల్లో ఎక్కువ పనిచేస్తుంది. వారానికి రెండు నిదానమైన ఆటలు, ఒక్కొక్కరికి 15 నిమిషాలు, ఎత్తుకి 10 సెకన్లు కలిపి, రాస్తూ. ప్రతి ఎత్తుకి ముందు మనసులో మూడు ప్రశ్నలు: అవతలివాళ్లకి చెక్ ఉందా, కొట్టేది ఉందా, నేను వేయబోయే గడి భద్రమా? వారం రోజులు పైకి చెప్పించండి, తరవాత పెదాలు కదిపితే చాలు, ఆ తరవాత అదీ అక్కర్లేదు. ఎత్తు ముందు రాసి తరవాత వేయమని కొందరు పాత పద్ధతి నేర్పుతారు. ఇంట్లో సాధనకి బాగుంటుంది గానీ ఫిడే రూల్స్ ప్రకారం టోర్నమెంట్‌లో ముందుగా రాయకూడదు, ఆర్బిటర్ (ఆట నిర్ణేత) అడ్డుకుంటారు. అలవాటు చేస్తే తరవాత మాన్పించడం ఇంకో పని. రూల్‌కి విరుద్ధమైన ఎత్తు వేసి గడియారం నొక్కితే, క్లాసికల్ (ఎక్కువ టైమ్ ఉండే) ఆటలో మొదటిసారి ప్రత్యర్థికి రెండు నిమిషాలు కలుపుతారు, రెండోసారి సాధారణంగా ఆట పోతుంది. ఇది కూడా టోర్నమెంట్‌కి ముందే పాపకి తెలియాలి, అక్కడికెళ్లి ఏడుస్తూ తెలుసుకోకూడదు.

ముందు ఆ పది ఆటల లెక్క వేయండి. ఏ పావు ఎక్కువ పోయిందో, ఎన్నో ఎత్తులో పోయిందో రెండు అంకెలూ ఇక్కడ రాస్తే, ఎలాంటి స్థానాలు ఇవ్వాలో దాన్ని బట్టి చెప్పగలను. మొదటి పది ఎత్తుల్లోనే పోతుంటే మందు వేరు, ముప్పై తరవాత అలసిపోయి పోతుంటే వేరు.